సముద్రపు బురద ఏ నది తెచ్చింది?

జియాలజీ చదివేవాళ్లలో చాలామంది చూపు చమురు, బొగ్గు, గనుల మీదే ఉంటుంది. బంకమట్టి ఖనిజాల వైపు కూడా ఒకసారి చూడండి.

ఉదాహరణకు నల్ల సముద్రాన్ని తీసుకోండి. దాని చుట్టూ నేలే. డాన్యూబ్ వంటి నదులు పడమర, ఉత్తరాల నుంచి తెచ్చే మట్టిలో ఇల్లైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. దక్షిణాన తుర్కియే అగ్నిపర్వత శిలలను కోసుకుంటూ వచ్చే నదుల మట్టిలో స్మెక్టైట్ అనే మరో ఖనిజం ఎక్కువ. అడుగు బురదలో ఈ రెండింటి పాళ్లు తేలిస్తే అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది. హిమయుగం చివర్లో పేరుకున్న ఎర్రమట్టి పొరల్లో ఇల్లైట్ ఎక్కువగా కనిపించడంతోనే, ఉత్తరాది మంచు కరిగిన నీళ్లు ఆ మట్టిని తెచ్చాయన్న వాదనకు బలం వచ్చింది.

పనికి ఓపిక కావాలి. శుభ్రం చేసిన బురదను నీళ్లలో కలిపి కదపకుండా ఉంచాలి. రెండు మైక్రాన్ల రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. అప్పుడు సన్నని రేణువులే మిగిలిన పైనీటిని పిపెట్‌తో తీసి, గాజు పలక మీద ఆరబెట్టి, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే వివర్తన) యంత్రంలో పెడతారు. ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరి పట్టించగానే స్మెక్టైట్ ఉబ్బుతుంది, గ్రాఫ్‌లో దాని శిఖరం 17 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరికి జరుగుతుంది. ఇల్లైట్ శిఖరం మాత్రం 10 దగ్గరే ఉంటుంది. 550 డిగ్రీల వేడికి కయోలినైట్ అనే ఇంకో బంకమట్టి ఖనిజం శిఖరం మాయమవుతుంది.

గ్రాఫ్ యంత్రం గీస్తుంది, అర్థం చెప్పాల్సింది మీరే. ఉప్పునీటిలో కయోలినైట్, ఇల్లైట్ త్వరగా ముద్దకట్టి నదీముఖం దగ్గరే దిగిపోతాయి. స్మెక్టైట్ దూరం వెళ్తుంది. కాబట్టి స్మెక్టైట్ పెరిగినంత మాత్రాన నది మారిందని రాయకూడదు. నదుల మట్టిని కూడా పరీక్షించని థీసిస్ నా దృష్టిలో సగం పనే.

మన బంగాళాఖాతంలోనూ ఇదే పద్ధతి. దక్కన్ బసాల్ట్ నేలల నుంచి వచ్చే గోదావరి, కృష్ణలది స్మెక్టైట్. హిమాలయాల మట్టి మోసుకొచ్చే గంగ, బ్రహ్మపుత్రలది ఇల్లైట్, క్లోరైట్.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, పీహెచ్‌డీకి గేట్ లేదా సీఎస్‌ఐఆర్ నెట్ రాయండి. గోవాలో ప్రధాన కేంద్రం ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ)లో చేరాలంటే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. శాశ్వత పరిశోధన ఉద్యోగాలు తక్కువే. అయితే ఎక్స్‌ఆర్‌డీ చేతికొస్తే సిమెంటు, సిరామిక్ ల్యాబుల్లోనూ పని దొరుకుతుంది. ప్రాజెక్టుకు ఒప్పుకునే ముందే గైడ్‌ను అడగండి: శాంపిల్ తయారీ, యంత్రం దగ్గరి పని నా చేతే చేయిస్తారా అని.