దూరవిద్యలో న్యాయపట్టా: బార్‌లో నమోదుకు చెల్లుతుందా?

చెల్లదు. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడని కోర్సుల్లో న్యాయవిద్య ఒకటి.

మూలచట్టం: న్యాయవాదుల చట్టం, 1961. సెక్షన్ 7: న్యాయవిద్య ప్రమాణాలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియావి. సెక్షన్ 24: నమోదు అర్హతలు, కనీస వయసు 21 ఏళ్లు. నమోదు చేసేది రాష్ట్ర బార్ కౌన్సిల్.

అసలు మెలిక డిగ్రీ దగ్గర ఉంది. ప్రశ్న ఇక్కడి నుంచే రావచ్చు. న్యాయవిద్య నిబంధనలు, 2008లో రూల్ 5 చూడండి. ఆత్రేయపురంలో (డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా) ఉంటూ పది, ఇంటర్ పాసై, దూరవిద్యలో బీఏ చేసిన అమ్మాయి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి అర్హురాలే. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ డిగ్రీ పొందితే మాత్రం అనర్హత. రెంటికీ పట్టా ఒకటే, దారి వేరు. చాలామంది తప్పేది ఇక్కడే.

కనీస మార్కులు: జనరల్ 45 శాతం, ఎస్సీ, ఎస్టీ 40. హాజరు 70 శాతం (రూల్ 12); దూరవిద్యకు ఇదీ అడ్డే.

తీర్పులు: వి. సుధీర్ కేసు (1999): నమోదుకు ముందు శిక్షణ నిబంధన రద్దు. బోనీ ఫోయ్ కేసు (2023 ఫిబ్రవరి 10): ఆలిండియా బార్ పరీక్ష చెల్లుతుందన్న రాజ్యాంగ ధర్మాసనం. గౌరవ్ కుమార్ కేసు (2024 జులై 30): నమోదు రుసుము 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 మించరాదు.

బిట్: దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం? ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, హైదరాబాద్, 1982. నేడు అంబేడ్కర్ పేరుతో ఉంది.