మెట్రాయిడ్‌లో లుప్తోపమ

పిల్లలూ, ఉపమాలంకారానికి నాలుగు భాగాలని చదువుకున్నాం కదా. "ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది" అంటే ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ.

ఈ పాఠానికి క్లాసులో సగం మంది ఆవులించారు. వెనక వరసలో ఒకబ్బాయి మాత్రం, "అంకుల్, వీడియో గేములో సినిమాని దాచేస్తే అదీ లుప్తోపమేనా?" అన్నాడు. రెండేళ్ళుగా 'ఊ', 'కాదు' తప్ప తెలుగులో నోరు విప్పని పిల్లవాడు!

అచ్చంగా అదే కాదు గాని, దగ్గరిదే. వాడు చెప్పింది నింటెండో వారి 'మెట్రాయిడ్' సంగతి. ఆట ఉపమేయం. దాచేసిన ఉపమానం 1979 నాటి 'ఏలియన్' సినిమా అని వాడి వాదన. సమానధర్మాలు తెలుగులోనే చెప్పాలన్నాను. తడుముకుంటూనే మూడు చెప్పాడు.

ఆటలో డ్రాగన్ లాంటి శత్రువు పేరు రిడ్లీ. సినిమా దర్శకుడు రిడ్లీ స్కాట్. రెండింటిలోనూ చివరిదాకా పోరాడేది స్త్రీ. ఆటలో కవచం లోపల ఉన్నది స్త్రీ అని త్వరగా ముగించిన వాళ్ళకే తెలుస్తుంది. ఇక ఆటలో మదర్ బ్రెయిన్, సినిమాలో మదర్ అనే కంప్యూటర్.

పేరు గట్టి ఆధారం. మూడోది నాకు బలహీనంగా తోచింది, యంత్రాన్ని తల్లి అనాలని ఎవరికైనా తట్టవచ్చు. అయితే ఆట రూపకర్తల్లో ఒకరైన యోషియో సకమోతో ఆ సినిమా ప్రభావం తమపై ఉందని తర్వాత స్వయంగా చెప్పారు.

"రెండో సినిమా 'ఏలియన్స్' కూడా ఉంది" అంది ఇంకో అమ్మాయి. ఇక్కడ తేదీలు చూడాలి. ఆ సినిమా అమెరికాలో 1986 జులై 18న వచ్చింది. ఆట జపాన్‌లో ఆగస్టు 6న వచ్చింది. పందొమ్మిది రోజుల్లో ఆట తయారవదు (ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మండి). 1991లో వచ్చిన రెండో మెట్రాయిడ్‌లోని రాణి మాత్రం 'ఏలియన్స్' రాణిని గుర్తుకు తెస్తుంది. తేదీలు కుదిరాయి, కానీ కుదిరినంత మాత్రాన రుజువైనట్టు కాదు.

తల్లిదండ్రులకు మనవి: ఈ సినిమాలు పెద్దలవి, పిల్లలకు చూపించకండి.

ఇంటిపని: మీరాడే ఆటలో ఇలాంటి పోలిక ఒకటి పట్టుకుని, ఉపమేయం, ఉపమానం, తేదీలు చూపిస్తూ ఐదు వాక్యాలు తెలుగులో రాయండి.