లైబ్రరీల పోలిక: రిజిస్టర్ల మధ్య బతికినవాడి పాఠాలు

శాఖా గ్రంథాలయంలో చేరి, జిల్లా గ్రంథాలయ సంస్థలో నెలవారీ నివేదికలు కూర్చే సీటు దాకా వచ్చి రిటైరైనవాణ్ణి. ఏ ఊరి లైబ్రరీ మెరుగు, ఏది వెనకబడింది అని లెక్కలు తీసే కొత్త గ్రంథపాలకుల కోసం ఇది రాస్తున్నాను.

1. ఎన్ని అని అడిగాక, ఎలాంటివి అని కూడా అడగండి.
2011 జనాభా లెక్కల్లో గ్రంథాలయాలనూ లెక్కపెట్టారు. దేశం మొత్తమ్మీద పల్లెల్లో 70,817, పట్టణాల్లో 4,580 తేలాయి. అప్పటి జనాభాతో భాగించి చూడండి. పల్లెల్లో సుమారు 11,800 మందికి ఒకటి, పట్టణాల్లో 82,000 మందికి ఒకటి. అంటే పల్లె పట్నం కంటే ఏడు రెట్లు మెరుగన్నమాట! ఏ పల్లెవాడూ నమ్మడు. ఇలాంటి లెక్కలో రెండు బీరువాలున్న గదీ ఒకటే, అంతస్తుల మేడలో నడిచే జిల్లా కేంద్ర గ్రంథాలయమూ ఒకటే. రోజుకు ఎన్ని గంటలు తెరుస్తున్నారు, ఎన్ని కుర్చీలున్నాయి, ఈ ఏడాది ఎన్ని కొత్త పుస్తకాలు కొన్నారు అన్నవి లేకుండా గ్రంథాలయాల సంఖ్య ఒక్కటే చెబితే, అది గోడలను లెక్కపెట్టడమే.

2. సందర్శకుల రిజిస్టర్, ఇష్యూ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చదవండి.
గ్రూప్స్‌కో డీఎస్సీకో నోటిఫికేషన్ పడిందంటే కోచింగ్ సెంటర్లున్న ఊళ్ళో లైబ్రరీ పొద్దున్నే నిండిపోతుంది. పిల్లలు సొంత మెటీరియల్ తెచ్చుకుంటారు. వాళ్ళకు కావలసింది కుర్చీ, ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. సంతకాలు వందల్లో, ఇష్యూలు వేళ్ళ మీద. మారుమూల మండలంలో అందుకు తలకిందులు. నవలలు తీసుకెళ్ళే గృహిణులు, కథల పుస్తకాల కోసం వచ్చే బడిపిల్లలు. వచ్చేది కొద్దిమందే అయినా పుస్తకం అల్మారాలో నిలవదు. మొదటిది గొప్పదా, రెండోది గొప్పదా? నన్నడిగితే రెండూ పనిచేస్తున్నాయి, వేర్వేరు పనులు చేస్తున్నాయి. ఒక్క అంకెతో రెంటినీ తూచితే ఒకరికి అన్యాయం తప్పదు. ఇంకో సంగతి: పేపరు చదవడానికి వచ్చే పెద్దమనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సంతకం పెడతాడు. అవి రెండు రాకలు, మనిషి ఒక్కడే. సభ్యుల సంఖ్యనైతే నేనసలు పట్టించుకోను. ఏరివేత జరగని సభ్యత్వ రిజిస్టర్లో ఊరొదిలి వెళ్ళినవాళ్ళూ, లోకం వదిలినవాళ్ళూ ఇంకా పాఠకులే.

3. దేనితో భాగిస్తున్నారో చూసుకోండి.
తలకు ఎన్ని ఇష్యూలు అన్నది మంచి కొలతే, తలల లెక్క సరైనదైతే. మనవాళ్ళు ఇప్పటికీ 2011 జనాభాతోనే భాగిస్తారు. హైదరాబాదు చుట్టుపక్కల కాలనీలు అప్పటి నుంచి ఎంత పెరిగాయో చెప్పక్కర్లేదు. అక్కడి లైబ్రరీ తలసరి లెక్క కాగితం మీద లావుగా కనిపిస్తుంది. పైగా తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు విడిపోయాయి. పేరు పాతదే ఉన్నా హద్దులు పాతవి కావు. ఆ ఏళ్ళకు ముందూ వెనకా అంకెలను ఒకే గీత మీద పెట్టి ‘పడిపోయింది’ అనేముందు మండలాల వారీగా విడదీసి చూడండి.

4. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పనితీరు మీద తీర్పు ఇవ్వొద్దు.
1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్నుకు 80. మేడలున్న చోట సెస్సు దండిగా వస్తుంది, పెంకుటిళ్ళ మండలాల్లో అంతంత మాత్రం. వసూలు చేసేది స్థానిక సంస్థ, ఖర్చు పెట్టేది గ్రంథాలయ సంస్థ. వసూలైనదంతా సకాలంలో జమ అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి పేద జిల్లాను పేద జిల్లాతోనే పోల్చండి. అమెరికాలో థామస్ హెన్నెన్ 1999లో గ్రంథాలయాలకు ర్యాంకులిచ్చినప్పుడు జనాభాను బట్టి జట్లు కట్టాడు. 2009లో లైబ్రరీ జర్నల్ పత్రిక ఖర్చును బట్టి కట్టింది. జట్టు మారితే పోటీదారులూ మారతారు. ర్యాంకు చూడగానే ఏ జట్టులో అని అడగడం నాకు అలవాటైంది.

5. వారం లెక్కను 52తో గుణించేవాళ్ళతో జాగ్రత్త.
నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీలకు బళ్ళకు బళ్ళు తరలి వస్తాయి. ఆ వారం తీసుకుంటే ప్రతి లైబ్రరీ కళకళలాడుతుంది. పండగ, పరీక్ష, నోటిఫికేషన్ లేని మామూలు వారం ఎంచుకోండి. అన్ని ఊళ్ళకూ అదే వారం.

6. సున్నా వేరు, ఖాళీ వేరు.
మనిషి లేక మూసి ఉన్న నెలకు నివేదికలో సున్నా వేస్తే, పాఠకులు రాలేదని అర్థమవుతుంది. అసలు తలుపే తెరవలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచి పక్కన కారణం రాయండి. సగటు కట్టేటప్పుడు ఆ నెలను తీసెయ్యండి, కానీ మూసి ఉన్న రోజులను వేరే గడిలో చూపండి. ఊరివాళ్ళకు అన్నిటికంటే ముందు తెలియాల్సిన అంకె అదే.

7. అంకె తేడాగా ఉంటే నోటీసు పంపేముందు బస్సెక్కండి.
ఇష్యూలు సగానికి పడిపోయిన శాఖలో అడగవలసినవి ఇవి. కొత్త పుస్తకాల కట్ట చివరిసారి ఎప్పుడు వచ్చింది? ఇన్‌ఛార్జి ఎన్ని శాఖలు చూస్తున్నాడు? సాయంత్రం తాళం ఎవరు తీస్తున్నారు? జవాబులు ఆ నెల నివేదిక వెనక పేజీలోనే, తేదీ వేసి రాయండి. వచ్చే ఏడాది ఆ సీట్లో కూర్చునేవాడికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.