మూడవ ముక్క: ఒక పేకాటలోని గణితమును, ప్రస్తార పరిభాషయు

రాష్ట్రేతరాంధ్రుల బిడ్డలకు తెలుగు నేర్పునపుడు పద్యము, కథ, వ్యాకరణము పాఠములగుచున్నవి. లెక్క మాత్రము తరచుగా అన్యభాషకు విడువబడుచున్నది. జంషెడ్‌పురములోని గోల్‌మురి ఇందుకొక నిదర్శనము. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేటు కంపెనీ 1922 నుండి అచట తగరపుపూత రేకులను తయారుచేసెను. 2024లో అది టాటా స్టీలులో విలీనమయ్యెను. ఉక్కు పనికిని, రేకుల పనికిని వలసవచ్చిన ఆంధ్రుల సంతతివారు ఆ పట్టణమున స్థిరపడిరి. వారి పిల్లలకు లెక్కల తరగతి సాధారణముగా హిందీలోనో ఆంగ్లములోనో జరుగును. గణితయోచనకు తగిన పదసామగ్రి తెలుగున కలదా యను ప్రశ్న అట్టి చోట కేవలము పాండిత్యవిషయము కాదు. ఒక పేకాట ఈ ప్రశ్నకు కొంత సమాధానమిచ్చుచున్నది.

రమ్మీ యెరిగినవారికి ముక్కలు కలియు మార్గములు రెండని తెలియును. అంకె యొకటియై ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను జాతులు వేరుగా నుండుట ఒకటి; జాతి యొకటియై అంకెలు వరుసగా నుండుట రెండవది. ఒక లక్షణము సమానము, మరియొకటి భిన్నము అను సూత్రము ఇందు బీజరూపమున నున్నది. దానిని పూర్తిగా విస్తరింపజేసిన ఆట ‘సెట్’. 1974లో కేంబ్రిడ్జిలో మార్షా జీన్ ఫాల్కో జర్మన్ షెపర్డు కుక్కల మూర్ఛరోగమును, దాని వంశపారంపర్యమును పరిశోధించుచు, వివరములను ముక్కలపై చిహ్నములతో గుర్తించుకొనెను. ఆ చిహ్నములనుండి పుట్టిన ఆట 1991లో విక్రయమునకు వచ్చెను.

ఈ ఆటలో ప్రతి ముక్కకు నాలుగు లక్షణములు, ఒక్కొక్క లక్షణమునకు మూడు భేదములు కలవు. సంఖ్య: ఒకటి, రెండు, మూడు. రంగు: ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. ఆకారము: గుడ్డు, వజ్రము, అల. నింపు: నిండు, చారలు, ఖాళీ. మూడును నాలుగుమార్లు గుణింపగా 81 ముక్కలగును. మూడు ముక్కలు ఒక కూటమి యగుటకు ప్రతి లక్షణమును ఆ మూడింటియందు పూర్తిగా సమానముగనో, పూర్తిగా భిన్నముగనో ఉండవలెను. రెండు సమానమై, ఒకటి భిన్నమైనచో కూటమి కాదు.

ఉదాహరణమునకు ఒక ఎరుపు నిండు గుడ్డు ఒక ముక్కపైనను, రెండు ఎరుపు ఖాళీ అలలు మరియొక ముక్కపైనను ఉన్నవనుకొందము. మూడవ ముక్క సంఖ్య మూడు, రంగు ఎరుపు, ఆకారము వజ్రము, నింపు చారలు కావలెను, మరియొకటి కాజాలదు. ఏ రెండు ముక్కలకైనను మూడవది ఒక్కటియే. ఈ ఆటలోని గణితమంతయు ఈ నియమముపై నిలిచినది. భేదములకు వరుసగా 0, 1, 2 అను అంకెలనిచ్చినచో, కూటమిలోని ప్రతి లక్షణమునందును మూడంకెల మొత్తము మూడుచే నిశ్శేషముగా భాగింపబడును. 81 ముక్కలనుండి 3,240 జతలు ఏర్పడును. ప్రతి కూటమియందును మూడు జతలుండును గనుక మొత్తము కూటములు 1,080.

ఈ విధమైన లెక్కింపు తెలుగు లాక్షణికులకు అపరిచితము కాదు. గురులఘువులు రెండు, స్థానములు మూడు. అందువలన మ, య, ర, స, త, జ, భ, న అను గణములు ఎనిమిది. వీనిని క్రమముగా పరచుట ప్రస్తారము. రూపమునుబట్టి వరుససంఖ్యను చెప్పుట ఉద్దిష్టము. వరుససంఖ్యనుబట్టి రూపమును సాధించుట నష్టము. పై మూడవ ముక్క 2, 0, 1, 1 అగును. ఎడమనుండి స్థానములకు 1, 3, 9, 27 అను విలువలనిచ్చి గుణించి కూడగా 38. ఒకటి చేర్పగా ఆ ముక్క ప్రస్తారమున 39వది. ఇది ఉద్దిష్టము. 39లో ఒకటి తీసివేసి, మూడుచే మరల మరల భాగింపగా శేషములు 2, 0, 1, 1 వచ్చును. ఇది నష్టము. ఛందస్సున రెట్టింపు విలువలున్నచోట ఇచట మూడింతలు వచ్చినవి; పద్ధతి మారలేదు.

అయితే సామ్యమునకొక హద్దు కలదు. గురులఘువులు రెండే గనుక మూడు అక్షరములు పరస్పరము భిన్నములు కాజాలవు. ప్రస్తారము ముక్కలను లెక్కించునే గాని కూటమి నియమమును బోధింపదు. ఆ నియమము మూడు భేదములున్న లోకమునకు చెందినది.

ఆ లోకమున గణితజ్ఞులు ఆటకంటె ముందే ప్రవేశించిరి. కూటమి యేర్పడకుండ గరిష్ఠముగా ఎన్ని ముక్కలు పరువవచ్చును? ఇరువది. ఇరువదియొకటవ ముక్కతో కూటమి తప్పదు. దీనితో సమానమైన జ్యామితి ఫలితమును పెల్లెగ్రీనో 1971లో ప్రకటించెను. అంతకుముందే, 1940వ దశకమున, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి. ఆర్. రావు కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థయందు ‘ఆర్థోగొనల్ అరే’ లనబడు విన్యాసములను రూపొందించెను. వాని ప్రయోజనమును గోల్‌మురి పనితోనే ఊహింపవచ్చును. రేకు మందము, ఆమ్లపు గాఢత, కరగిన తగరపు వేడిమి, రేకు నడచు వేగము అను నాలుగంశములను మూడేసి స్థాయిలలో పరీక్షింపవలెననుకొందము. అన్నియు చేసినచో 81 ప్రయోగములు. అంశముల పరస్పర ప్రభావము స్వల్పమైనచో, తగిన విన్యాసముతో తొమ్మిది చాలును. ముక్కల భాషలో చెప్పినచో, ఏ రెండు లక్షణములను గైకొన్నను వాని తొమ్మిది కలయికలును ఒక్కొక్కమారు వచ్చునట్లు తొమ్మిది ముక్కల నేరుట.

ఈ ముక్కలపై ఏ లిపియు లేదు. తెలుగు చదువలేని బాలుడును ఆడగలడు. కాని గెలుచుట వేరు, కారణము చెప్పుట వేరు. ఉపాధ్యాయుడు రెండు ముక్కలను చూపి, మూడవదానిని చూడకముందే దాని నాలుగు లక్షణములను తెలుగున చెప్పించి, ‘ఏల?’ అని యడుగవలెను. సమానము, భిన్నము, శేషము, ప్రస్తారము అను మాటలు అప్పుడు నిఘంటువు విడిచి బాలుని యోచనలో ప్రవేశించును. మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చి శతాబ్దములు గడచినవి. లెక్కకు తెలుగు చాలదనుట చరిత్రకు సరిపడదు. వాడుక తప్పుటయే నిజమైన లోపము, దానిని వాడుకయే తీర్చవలెను.