సాగెడు చర్మము, వదులైన కీళ్లు

మామిడికోతల దినములలో చింతలపూడి ప్రాంతపు తోటలలో పిల్లలు చెట్లెక్కి జారిపడుట, మోకాళ్లు గీచుకొనుట క్రొత్త గాదు. నాలుగు దినములలో పక్కుకట్టి మానిపోవును. కాని ఏ ఊరనైనను అరుదుగా ఒక బిడ్డకు చిన్న దెబ్బకే చర్మము వెడల్పుగా చిట్లును. కుట్లు వేసినను నిలువవు. మానిన మచ్చ పలుచని కాగితమువలె ముడుతలు పడును. ఒడలు ఊరక కమిలిపోవును. కీళ్లు మాటిమాటికి తొలగును. అట్టి బిడ్డను బడిలో సోమరి యందురు. తల్లిదండ్రులు కొట్టిరని ఇరుగుపొరుగువారు శంకింతురు. ఆ తగవు తుదకు పంచాయతీ సభ్యుని వాకిటికే వచ్చును. కావుననే ఈ విషయమును మీ ముందుంచుచున్నాము.

ఈ వ్యాధి పేరు ఎహ్లర్స్–డాన్లోస్ సిండ్రోమ్. 1901లో డెన్మార్కు చర్మవైద్యుడు ఎహ్లర్స్, 1908లో ఫ్రాన్సు వైద్యుడు డాన్లోస్ దీని లక్షణములను వర్ణించిరి. 2017లో నిపుణులు దీనిని 13 రకములుగా విభజించిరి. అన్నియు కలిపి సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండునని అంచనా.

నులకమంచమును చూడుడు. కోళ్లు, పట్టెలు ఎంత గట్టివైనను నులక వదులైనచో మంచము కుంగును. మన చర్మమును, కీళ్లను, రక్తనాళములను బిగించి పట్టు నులక కొల్లాజెన్ అను మాంసకృత్తు. పెక్కు రకములలో దానికి సంబంధించిన జన్యువులోని లోపమే ఈ వ్యాధికి మూలము. ఇది అంటువ్యాధి కాదు, శాపమును కాదు.

కొన్ని రకములలో తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధియున్నచో ప్రతి బిడ్డకును సగము అవకాశము కలదు. మరికొన్నింటిలో లోపమును మోయు దంపతులిరువురును ఆరోగ్యముగనే కనబడుదురు. అయినను ప్రతి కాన్పునందును నాల్గింట ఒకవంతు ప్రమాదముండును. మేనరికములలో ఇరువురకును ఒకే పూర్వునినుండి ఒకే లోపము సంక్రమింపవచ్చును గనుక ఈ రెండవ విధమైన ప్రమాదము హెచ్చు.

చిటికెనవ్రేలు వెనుకకు నిట్టనిలువుగా వంగుట, బొటనవ్రేలు ముంజేతిని తాకుట, మోచేతులు, మోకాళ్లు వెనుకకు వంగుట గుర్తులు. కాని పిల్లలలో పలువురు సహజముగనే ఇట్లు వంగగలరు. కావున ఇంతమాత్రముచే వ్యాధి యని తలపరాదు; వైద్యుడే నిర్ణయింపవలెను.

దీనిని సమూలముగా పోగొట్టు మందు లేదు. అయినను జాగ్రత్తచే జీవితము సుగమమగును. కండరములకు బలమిచ్చు వ్యాయామమును నిపుణునియొద్ద నేర్వవలెను. కీళ్లు లాగి సరిచేయించుట హానికరము. కుట్లకు ముందే వైద్యునికి వ్యాధి సంగతి తెలుపవలెను. రక్తనాళములకు సోకు రకము ప్రాణాంతకము. అది కలవారికి హఠాత్తుగా ఛాతీనొప్పి గాని కడుపునొప్పి గాని వచ్చిన తక్షణమే 108కి ఫోను చేయవలెను. వ్యాధిగల గర్భిణికి పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు జరుగవలెను.

సభ్యులారా! 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్లలోపు పిల్లలను అంగన్వాడీలలోను, ప్రభుత్వ బడులలోను పరీక్షింతురు. అనుమానమున్న బిడ్డను ఆ బృందమునకు చూపింపుడు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో జన్యువైద్య విభాగము కలదు. ఆ బిడ్డను నిందింపకుండ ఊరిని ఒప్పించుట మాత్రము ఏ ఆసుపత్రియు చేయజాలదు. అది మీ వంతు.