షెడ్డులో చేరే ముందు బండి కిందకి వంగి చూడండి

ధర్మపురిలో పదో తరగతి అయిపోయి ‘మెకానిక్ పని నేర్చుకుంటా’ అనే పిల్లలకు దారులు రెండు. ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సో, ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సో చేసి ఆర్టీసీలోనో సింగరేణిలోనో అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించడం ఒకటి. జగిత్యాల రోడ్డు మీది ఏదో షెడ్డులో మేస్త్రీ దగ్గర చేరి నేరుగా పాన పట్టడం ఇంకొకటి. రెండో దారిలో చేతికి పని తొందరగా వస్తుంది, కాదనను. కానీ జీతమెంతని అడిగే ముందు, పైకి లేపిన బండి కింద ఏం పెట్టారో చూడండి.

జాకీ ఒక్కటే ఉంటే వెనక్కి వచ్చేయండి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లోపలి సీలు అరిగి నూనె జారిందంటే బండి దిగడానికి క్షణం చాలు. లేపాక ఇనుప స్టాండ్ల మీదికి దించాలి, నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టాలి. కొందరు ఇటుకలు పేరుస్తారు. అవి చెప్పి పగలవు.

గోదావరి ఒడ్డు కాబట్టి మనకు ఇసుక టిప్పర్లూ ట్రాలీలూ వస్తుంటాయి. ఎత్తిన తొట్టి హైడ్రాలిక్ నూనె మీదే నిలబడి ఉంటుంది. పైపు వదులు చేస్తే నూనెతో పాటు తొట్టీ దిగుతుంది. ఇనుప ఊతం పెట్టనిదే దాని కింద తల పెట్టొద్దు, ఖాళీ తొట్టైనా సరే.

నాకు అన్నిటికంటే భయం గాలి కొట్టే చోటంటే. లాక్ రింగు ఉండే 20 అంగుళాల లారీ రిమ్ములో చదరపు అంగుళానికి 100 పౌండ్ల గాలి ఎక్కితే, ఆ రింగు మీద పడే తోపు టన్నుల్లో ఉంటుంది. రింగు సరిగ్గా కూర్చోకపోతే ఎగిరొచ్చేది ఎదురుగా కూర్చున్న కుర్రాడి ముఖం మీదికే. అందుకే అమెరికాలో అలాంటి టైరును ఇనుప బోనులో పెట్టి, పక్కకు నిలబడి, పొడవాటి గొట్టంతో గాలి ఎక్కించాలని నిబంధన. మన దగ్గర బోను కనిపించిన షెడ్డులో జీతం వెయ్యి తక్కువైనా నేనైతే చేరమంటాను.

1961 అప్రెంటిస్‌ల చట్టం కింద నమోదైతే శిక్షణలో గాయానికి పరిహారం యజమాని బాధ్యత. నోటిమాట మీద చేరినవాళ్లకు అసలు చిక్కు, అక్కడ పనిచేస్తున్నట్టు రుజువు చూపడమే. అందుకని జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. మేస్త్రీ ఒప్పుకోకపోతే, కనీసం హాజరు పుస్తకంలో మీ పేరు రాయించుకుని రోజూ సంతకం పెట్టండి.