ఏఐ చదువుకు సోషల్ ఎందుకు?



పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య తరచూ వింటున్న మాట: "మేడమ్, మావాడు ఏఐ వైపు వెళ్తాడు. మ్యాథ్స్ గట్టిగా చూడండి, సోషల్ పాసైతే చాలు." దీనికి జవాబుగా మన విశాఖ జిల్లాలోనే జరిగిన ఒక పని గురించి చెప్తాను.

ముందు మెషీన్ లెర్నింగ్ అంటే ఏమిటో రెండు మాటలు. ఆటోనగర్‌లో అనుభవమున్న మెకానిక్ ఇంజన్ చప్పుడు వినే లోపం ఎక్కడుందో చెప్పేస్తారు. వందల బళ్లు చూసిన చెవి అది. కంప్యూటర్‌కూ అలాగే పాత ఉదాహరణలు వేలు, లక్షలు చూపిస్తే కొత్తదాని గురించి అంచనా వేస్తుంది.

కొన్నేళ్ల కిందట మన రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి, బడి మానేసే అవకాశమున్న పిల్లల్ని ముందే గుర్తించడానికి ఈ పద్ధతి వాడింది. ఆడపిల్లా మగపిల్లాడా, ఇంటి ఆర్థిక పరిస్థితి, మార్కులు, బడిలో వసతులు, టీచర్ల నైపుణ్యం వంటి వివరాలు అందులోకి వెళ్లాయి. 2018-19 విద్యా సంవత్సరానికి అప్పటి ఉమ్మడి విశాఖ జిల్లా ప్రభుత్వ బడుల్లో సుమారు 19,500 మంది పేర్లు వచ్చాయి.

ఇంగ్లిష్, లెక్కల్లో వెనకబడినవాళ్లు ఎక్కువగా మానేస్తున్నారని తేలింది. అది మనమూ ఊహించగలం. ఆడపిల్లల విషయంలో సరైన టాయిలెట్లు లేకపోవడం కూడా బయటపడింది. నన్ను ఆపింది ఇదే. బడుల వివరాల్లో టాయిలెట్ల లెక్క లేకపోతే ఎంత పెద్ద కంప్యూటరైనా ఆ సంగతి కనిపెట్టలేదు. ఆ లెక్క రాయాలని తోచాలంటే బడి తెలియాలి, ఊరు తెలియాలి, ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఇబ్బంది తెలియాలి. ఇది సోషల్ పాఠమే కదా!

ఇంకో సంగతి. జాబితాలో పేరున్నంత మాత్రాన ఆ పాప బడి మానేస్తుందని కాదు, అది అంచనా మాత్రమే. ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి "ఏమ్మా, ఏమైంది?" అని అడగాల్సిందే.

ఈ నెల మీ పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు వరుసగా రాయించి, వచ్చే నెల బిల్లు ఎంతో ఊహించమనండి. ఊహ తప్పితే కోప్పడకండి. ఏ వివరం రాయడం మర్చిపోయామో అడగండి: ఏసీ వాడకమా, ఇంటికొచ్చిన చుట్టాలా, సెలవులా? ఆ కాగితం వాళ్ల బ్యాగులో పెట్టి పంపితే క్లాసులో అందరం కలిసి చూస్తాం.